అల్లుడుగారి బోల్టు

ఇంజనమ్మ చెయ్యి పడితే మొండి ఇంజను కూడా మర్యాద నేర్చుకుంటుందని ఆ నది పొడవునా ఒక మాట ఉంది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నా, దాన్ని పలికేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ట్రాక్టరు, పిండిమర, పడవ, నీళ్లు తోడే యంత్రం, డీజిలు తాగి పొగ వదిలేది ఏదైనా సరే, ఆమె ముందు దాని పక్కన కాసేపు కూర్చుని వినేది. తర్వాత లేచి చేతులు పైకి మడిచేది. ఇక ఆ ఇంజను గుట్టు దాగేది కాదు.

అలాంటి మనిషికి బల్లకట్టు నడిపే అల్లుడు దొరికాడు. లారీలను, బండ్లను, మనుషులను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే పెద్ద ఇనప బల్లకట్టు అతనిది. ఇంజను దాని అడుగున, నిచ్చెన మీద దిగాల్సిన ఇరుకు గదిలో ఉంటుంది. పెళ్లయి ఏడాది దాటినా అత్తగారు ఆ గదిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. చూడాలని లేక కాదు, అల్లుడు పిలవలేదు. పిలవని చోట పానా పట్టకూడదన్నది ఆమె నియమం. అతనికేమో, ఊరి ఇంజన్లన్నిటికీ వైద్యం చేసే అత్తగారి ముందు తన ఇంజను మూలిగిందని ఒప్పుకోవడం నామోషీ. ఇద్దరి మర్యాదల మధ్యా పడి ఆ ఇంజను నలిగిపోతూ ఉండేది.

ఆ రోజు పొద్దున్నే కూతురు ఫోను చేసింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"పిండిమర పిస్టన్ కడుగుతున్నా. ఏంటే, గొంతు అలా ఉంది?"

"నిన్నటి నుంచి బల్లకట్టు కదల్లేదమ్మా. ఇంజను కాగిపోతోందని ఆయన నీళ్ల పంపు విప్పుతున్నారు. మూడు బోల్టులు వచ్చాయంట, నాలుగోది రానంటోంది. దాంతో కుస్తీ పడుతూ తిండి కూడా సరిగ్గా తినట్లేదు. అమ్మని పిలుద్దామా అంటే, ఒక్క బోల్టు కోసం ఆవిడ దాకా ఎందుకు అంటారు."

"నిజమే, ఒక్క బోల్టే. నోట్లో ముప్పై పళ్లు బాగుండి ఒక్కటి సలుపుతుంటే మిగతావాటి సుఖం ఎవరికి కావాలి?"

"నన్ను చూడ్డానికి వచ్చినట్టు రా."

"కూతుర్ని చూడ్డానికి వెల్డింగ్ మిషను వేసుకొచ్చిందంటే నమ్ముతారా మీ ఆయన?"

"నీ వ్యానులో అది ఎప్పుడూ ఉండేదేగా. రా అమ్మా. రేవులో ఒక లారీ ఆగిపోయింది. దాన్నిండా తేనెటీగలు."

ఇంజనమ్మ పిస్టన్ పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

ఆమె రేవు చేరేసరికి ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు గానీ, ఆ రోజు ఎలా ఉండబోతోందో ఆకాశం ముందే చెబుతోంది. ఒడ్డున చెట్టు పలచని నీడలో లారీ ఉంది. దాని మీద వరసగా పేర్చిన చెక్కపెట్టెలు, వాటన్నిటినీ కప్పుతూ వల. టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నిచ్చెన మీద నిలబడి పెట్టెల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. లారీ ఇంజను ఆపే ఉన్నా బండంతా గుమ్మని మోగుతోంది. ఆ మోత వినగానే ఇంజనమ్మ కాళ్లు వాటంతటవే ఆగాయి. కాగుతున్న ఇంజను మోతకూ, ఈ మోతకూ పెద్ద తేడా లేదనిపించింది ఆమెకు.

"దగ్గరికి రాకమ్మా, కోపంగా ఉన్నాయి," అన్నాడు ముసలాయన.

"కోపం కాదు, ఉక్క," అంది ఇంజనమ్మ.

ముసలాయన ఆమె వంక ఎగాదిగా చూశాడు. "అవును, ఉక్కే. లోపల రెక్కలతో విసురుకుంటున్నాయి పాపం. అవతల పొద్దుతిరుగుడు చేలు పూతకొచ్చాయి, అక్కడ దింపుదామని బయల్దేరా. చుట్టూ తిరిగి వంతెన మీదుగా పోదామంటే రోడ్డంతా గోతులు. ఆ కుదుపులకు పెట్టెల్లో తేనెపట్లు విరిగి పడతాయి. మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటే ఉడికి చస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

అంతలో అల్లుడు బల్లకట్టు అడుగు నుంచి పైకి వచ్చాడు. ముఖం నిండా మసి. కుడిచేతి వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. అత్తగారిని చూడగానే ఆ చెయ్యి వెనక్కి పోయింది.

"ఎప్పుడొచ్చారు అత్తయ్యా?"

"ఇప్పుడే అల్లుడుగారూ. అమ్మాయిని చూసి పోదామని. వేళ్లకేమైంది?"

"తలుపు తగిలింది."

"అలాగా."

ఇంజనమ్మ ఆ చేతిని ముందే చూసింది. తలుపు తగిలితే ఒక వేలో రెండు వేళ్లో నలుగుతాయి. గుడ్డ మీద నాలుగు కణుపుల దగ్గరా ఒకే వరసలో నెత్తురు ఊరిందంటే పానా జారి పిడికిలి ఇనుముకు గుద్దుకుందన్నమాటే. అలాంటి మచ్చలు ఆమె చేతులకు ఎన్నో ఉన్నాయి. ఆమె వెళ్లి టికెట్ల గది నీడలో కూర్చుంది. కూతురు టీ తెచ్చి ఇచ్చి, తల్లి వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసి పళ్లు నూరింది. అత్త టీ తాగుతోంది. అల్లుడు తాడు ముడి విప్పుతున్నాడు, మళ్లీ వేస్తున్నాడు.

ఆ నాటకం ముసలాయనకు అర్థమైపోయింది. లారీ మీది నుంచే కేక వేశాడు.

"ఏమయ్యా, ఆవిడ ఇంజనమ్మ కదూ? నీకు స్వయానా అత్తగారా? ఇంట్లో నుయ్యి పెట్టుకుని దాహంతో చచ్చేవాణ్ని నేనెక్కడా చూడలేదు. నీ పౌరుషానికి నా ఈగలు ఎందుకయ్యా ఉడకాలి?"

అల్లుడి ముఖం మసి కిందనే ఎర్రబడింది. తాడు వదిలేసి వచ్చి అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యా, తలుపు కాదు. పానా జారింది. ఒకసారి కిందికి వచ్చి చూస్తారా?"

"ఆ మాట కోసమే కూర్చున్నా," అని ఇంజనమ్మ గ్లాసు కింద పెట్టింది.

ఇంజను గదిలో ఇద్దరు దిగితే మూడో మనిషి ఊపిరికి చోటుండదు. నీళ్ల పంపు ఇంజనుకూ గోడకూ మధ్య ఉంది. మూడు బోల్టుల చిల్లులు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నాలుగోది అన్నిటికంటే అడుగున, గొట్టం చాటున. ఇంజనమ్మ మోకాళ్ల మీద వంగి టార్చి వేసింది. ఆరు మూలలుండాల్సిన బోల్టు తల గులకరాయిలా గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది.

"ఇది పదమూడో సైజు బోల్టు. ఏ పానా పెట్టారు?"

"పద్నాలుగు. పదమూడుది కనబడలేదు. సందులో రేకుముక్క దూర్చి పట్టా."

"తర్వాత?"

"పట్టకారు."

"తర్వాత?"

"ఉలి పెట్టి కొట్టా."

"తర్వాత?"

"తర్వాత కొట్టడానికి ఏమీ మిగల్లేదు అత్తయ్యా."

ఇంజనమ్మకు నవ్వాగలేదు. అతనూ నవ్వాడు, కొంచెం బిక్కమొహంతోనే. "డ్రిల్లుతో తల కోసేద్దామనుకున్నా. మిషను ఈ సందులో పట్టలేదు," అన్నాడు.

"పట్టకపోవడమే మంచిదైంది. బిగించింది మనిషే కదా, మనిషి బిగించింది మనిషికి ఊడక ఎక్కడికి పోతుంది? కాస్త బతిమాలాలి, కాస్త భయపెట్టాలి."

ఆమె ముందు బతిమాలడం మొదలుపెట్టింది. ఇనప బ్రష్షుతో తుప్పు రాల్చి, బోల్టు మెడ చుట్టూ తుప్పు వదిలించే పలచని నూనె పోసింది. చిన్న సుత్తితో తల మీద టకటకా తట్టింది, నూనె మరల సందుల్లోకి దిగాలని. కాసేపు ఆగి మళ్లీ పోసింది, మళ్లీ తట్టింది. తర్వాత ఆకురాయితో ఆ గుండు తలకు అటూ ఇటూ రెండు చదును చెంపలు తీసింది. వాటి మీద పానా బిగించి, ఒంటిబరువు మోపి లాగింది. చెంపలు నలిగాయి. బోల్టుకు చీమ కుట్టినట్టయినా లేదు.

"బతిమాలడం అయిపోయింది," అంది ఇంజనమ్మ. "వ్యానులోంచి మిషను దింపండి అల్లుడుగారూ. ముందు డీజిలు డబ్బాలు ఒడ్డు మీద పెట్టండి. బ్యాటరీ వైరు తీసెయ్యండి. గోనెసంచులు బాగా తడిపి పట్రండి."

ఆమె చెప్పడమూ అతను చెయ్యడమూ ఒక ఊపులో సాగిపోయింది. కూతురు టికెట్ల గది నుంచి పొడుగు వైరు లాగి తెచ్చింది. బకెట్టుతో ఇసుక నిచ్చెన దగ్గర పెట్టింది. ఇంజనమ్మ రబ్బరు గొట్టాల మీద తడి గోనెలు కప్పి, బోల్టు తల మీద ఒక కొత్త నట్టు ఆనించింది. నట్టు చిల్లులోంచి అతుకు వేసి దాన్ని బోల్టుకు కలిపేస్తే గుండుకు మళ్లీ ఆరు మూలలు వస్తాయి. అదీ ఆమె ఎత్తు. ఇలాంటివి ఆమె లెక్కలేనన్ని తీసింది.

నిప్పురవ్వలు లేచాయి. గదంతా నీలంగా వెలిగి ఆరింది. అతుకు చల్లారాక ఆమె పానా పెట్టి లాగింది. టప్పుమంది. పానాతోపాటు నట్టు ఊడి చేతిలోకి వచ్చింది. బోల్టు మాత్రం ఉన్నచోటే ఉంది, ఆమెను వెక్కిరిస్తున్నట్టు.

ఇంజనమ్మ నట్టు అడుగు భాగాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అతుకు నిండా సూదిబెజ్జాలు, నల్లటి నురగ. తుప్పునూనె పోసింది తనే. వెల్డింగ్ వేసే ముందు దాన్ని తుడిచి కాల్చాల్సిందీ తనే. అల్లుడి ముందు హుషారెక్కువై ఆ సంగతే మరిచిపోయింది.

"నూనె మీద అతుకు వేశాను," అంది. "మొన్నెవరో ఇలాగే చేస్తే అరగంట చీవాట్లు పెట్టా. వాళ్లిక్కడ లేరు, బతికిపోయా."

అల్లుడు ఆమె వంక వింతగా చూశాడు. ఏడాదిగా తను భయపడుతున్న మనిషి ఈమేనా అన్నట్టుంది ఆ చూపు. "మీక్కూడా జరుగుతాయా అత్తయ్యా ఇలాంటివి?"

"జరక్కపోతే ఇన్ని పద్ధతులు ఎలా తెలుస్తాయి? మీకు పద్నాలుగు పానా దొరికింది, నాకు నూనె దొరికింది. పట్టండి, గుడ్డ ఇలా ఇవ్వండి."

ఈసారి ఆమె తొందరపడలేదు. బోల్టు తల తుడిచి, మంట చూపి, పొగ రావడం ఆగేదాకా కాల్చింది. బ్రష్షుతో తెల్లగా మెరిసేదాకా రుద్దింది. రెండో నట్టు పెట్టి, చిల్లు అంచు చుట్టూ నిదానంగా, నత్త నడిచినట్టు అతుకు వేసింది. తలా నట్టూ ఒకే నిప్పుముద్దయ్యాయి.

"ఇప్పుడు మైనం కావాలి," అంది మాస్కు ఎత్తి. "అమ్మాయీ, కొవ్వొత్తి ఉంటే పట్రా, త్వరగా."

పైన కూతురు పరుగెత్తబోయింది. గది నోటి దగ్గర వంగి చూస్తున్న ముసలాయన ఆమెను ఆపాడు. "మైనం నా దగ్గర కాక ఇంకెవరి దగ్గరుంటుందమ్మా?" అని, టోపీ సర్దుకుంటూ లారీ వైపు వెళ్లి, అరచేతిలో పట్టేంత పసుపు ముద్ద తెచ్చి కిందికి అందించాడు. తేనె వాసన ఆ డీజిలు కంపు మధ్య ఒక్క క్షణం గుప్పుమంది.

ఎర్రదనం తగ్గి ఇంకా సెగ కక్కుతున్న బోల్టు మెడకు ఇంజనమ్మ మైనం తాకించింది. అది జుయ్యిమని కరిగి, సందులోకి ఇంకి మాయమైంది. ఎండకు పగిలిన నేల నీటిని పీల్చుకున్నట్టు తుప్పుపట్టిన మరలు దాన్ని తాగేశాయి. మళ్లీ తాకించింది. మళ్లీ తాగాయి.

ఆమె పదమూడు పానా తీసి నట్టుకు తగిలించింది. ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి సందు లేదు. పానా పిడిని అల్లుడి వైపు తిప్పింది.

"మీరు పట్టండి."

"నేనా?"

"మీ ఇంజను, మీ బోల్టు. నేను చెయ్యి వేసి ఉంచుతా."

అతను గుడ్డ చుట్టిన వేళ్లతో పిడి పట్టుకున్నాడు. వాటి పక్కనే ఇంజనమ్మ నరాలు తేలిన చెయ్యి పడింది. అతను విప్పే వైపు బలంగా లాగబోయాడు.

"ఆగు. లాగకు," అందామె. "ముందు బిగించు. ఊఁ, బిగించే వైపే. ఒక్క పిసరు. బిగిసి నిద్రపోతున్నదాన్ని కదిలించాలి, మెడ విరవకూడదు. ఇప్పుడు వదులు. మళ్లీ బిగించు. చేతికేం తెలుస్తోందో చూడు."

పైన కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుణ్ని అమ్మ 'నువ్వు' అంటోంది. ఇంజనమ్మకు ఆ ధ్యాసే లేదు. ఆమె ప్రాణమంతా ఆ పిడి మీది చేతిలోకి వచ్చింది. ఎదటి మనిషి అల్లుడన్న సంగతి పోయి, రెండు చేతులూ ఒక పానా మాత్రమే మిగిలాయి.

"రబ్బరులా సాగుతోంది," అన్నాడతను.

"సాగుతోందంటే అతుకు వదిలేస్తోంది, లేదా బోల్టు తెగబోతోంది. లాగడం ఆపు. ఇంకాస్త మైనం. ఆఁ. ఇప్పుడు మెల్లగా."

కీచుమంది. సన్నగా, ఎలుకపిల్ల అరిచినట్టు.

"విన్నావా?"

"విన్నా."

"అదే. లొంగింది. ఇప్పుడు ఆశపడి లాగావంటే తెగుతుంది. పావు చుట్టు విప్పు, అందులో సగం వెనక్కి తిప్పు. మళ్లీ పావు."

అతను అలాగే చేశాడు. కీచు, కీచు. నుదుటి మీది చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు తుప్పుపొడి ఎర్రగా రాలింది. మూడో చుట్టు దగ్గర ఇంజనమ్మ తన చెయ్యి తీసేసింది. అతను గమనించలేదు. తిప్పుతూనే ఉన్నాడు. చివరికి పానా పక్కన పెట్టి, తడిగుడ్డతో పట్టుకుని వేళ్లతోనే తిప్పి, నట్టు కిరీటం పెట్టుకున్న ఆ పొడుగు బోల్టును బయటికి తీశాడు. మరలు సగం మైనం, సగం తుప్పు. ఎక్కడా తెగలేదు.

"వచ్చింది," అన్నాడు మెల్లగా. ఇంకొకరికి చెబుతున్నట్టు కాదు.

"ఎందుకు రాదు?" అంది ఇంజనమ్మ. అప్పటికి ఆమెకు తన మాటతీరు స్ఫురించి, సర్దుకుంది. "చేతులు బాగా నిలిపారు అల్లుడుగారూ."

"అత్తయ్యా, ఆ 'గారూ' పైన ఒడ్డు మీద పెట్టుకోండి. ఈ గదిలో చోటు తక్కువ."

ఆమె టార్చి అతనికి ఇచ్చి, "అయితే పట్టుకో," అంది.

పంపు బయటికి వచ్చాక అసలు రోగం కనబడింది. లోపలి రబ్బరు చక్రం రెక్కలు సగం తెగిపోయి, గొట్టం నోట్లో పోగై నీళ్లకు అడ్డం పడ్డాయి. తెగిన ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి, చక్రం ఆకారంలో పేర్చి, ఏదీ లోపల మిగల్లేదని చూసుకున్నారు. కొత్త చక్రం అల్లుడి దగ్గరే ఉంది, ఎప్పుడో కొని దాచాడు. చిల్లుల్లో మరలు శుభ్రం చేసి, కొత్త బోల్టులకు గ్రీజు రాసి బిగించారు. ఎంత బిగించాలో ఆమె చెప్పలేదు. అతనే ఒక దగ్గర ఆగి ఆమె ముఖం చూశాడు. ఆమె తల ఊపింది.

ఇంజను దగ్గి, ఊగి, అందుకుంది. బల్లకట్టు పక్కనున్న గొట్టంలోంచి మొదట గాలి, తర్వాత బురద, ఆ తర్వాత చేతి మందాన నీటిధార నదిలోకి దూకింది. కూతురు ఆ ధారలో చెయ్యి పెట్టి చూసి, "గోరువెచ్చగా ఉంది," అంది.

"అలాగే ఉండాలి," అన్నారు అత్తా అల్లుడూ ఒకేసారి.

లారీ బల్లకట్టు మీదికి ఎక్కింది. అప్పటికి సూర్యుడు నడినెత్తికి రాబోతున్నాడు. నది మధ్యకు చేరగానే గాలి వల మీదుగా పెట్టెల్లోకి దూరింది. మోత ఒక మెట్టు దిగింది, తర్వాత ఇంకో మెట్టు. ముసలాయన పెట్టె మీద చెవి ఆనించి విన్నాడు. చాలాసేపటి నుంచి బిగబట్టిన భుజాలు కిందికి దించి, ఇంజనమ్మ పక్కకు వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"నలభై ఏళ్లుగా వీటి చప్పుడు వింటున్నా," అన్నాడు. "కోపానికీ ఉక్కకూ తేడా తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. నువ్వు చూడకుండానే చెప్పావు."

"నాకు తెలిసింది వేడి సంగతొక్కటే బాబాయ్. కోపం సంగతి అడిగితే చెప్పలేను. ఇదిగో, మీ మైనం లేకపోతే మేమింకా ఆ గదిలోనే ఉండేవాళ్లం."

"నాకు చెప్పకు, వాటికి చెప్పు," అని ముసలాయన లారీ వైపు గడ్డం ఎగరేశాడు.

అవతలి ఒడ్డున లారీ దిగి, పసుపు చేల మధ్య దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. బల్లకట్టు ఖాళీగా వెనక్కి తిరిగింది. కూతురు నీడలో కూర్చుని కళ్లు మూసుకుంది. చుక్కాని దగ్గర నిలబడిన అల్లుడు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా."

"ఊఁ."

"గేరు మార్చినప్పుడు కింద ఏదో గరగరమంటుంది. నాలుగు నెలలైంది. ప్రయాణికులకు వినబడకుండా అప్పుడు గట్టిగా హారను కొడుతుంటా."

కూతురు ఒక కన్ను తెరిచింది. "అందుకా ఆ హారను? ఎవరికో వీడ్కోలు చెబుతున్నారనుకున్నా."

ఇంజనమ్మ అప్పటికే పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని నిచ్చెన దిగుతోంది. గేరు పెట్టె మీద దాని మొన ఆనించి, పిడికి చెవి ఆనించి, పైకి చెయ్యి ఊపింది.

"మార్చు. హారను కొట్టకు."

అల్లుడు గేరు మార్చాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

"ఇంకోసారి," అంది.